ఇడువు అనేదాకా

“తొక్కు” అని బండి కింది నుంచి మాట వచ్చింది.

సుల్తానాబీ ఎడమకాలి చెప్పు విడిచి, ఒట్టి పాదంతో క్లచ్ పెడల్‌ను నింపాదిగా నాలుగైదు మాట్లు నొక్కింది. పెడల్‌లో బిగువు లేదు. కలిపిన పిండిలో కాలు పెట్టినట్టు మెత్తగా కిందికి పోతోంది, పోయింది పోయినట్టే ఉండిపోతోంది. అట్లా ఉండిపోయినప్పుడల్లా ఆమె కాలివేళ్ళు దాని వెనక్కి దూర్చి పైకి లాగి మళ్ళీ తొక్కుతోంది. పొట్టి మనిషి కావడంతో ఆ సీట్లో వెనక్కి ఆనుకుంటే కాలు అందదు. సీటు అంచు దాకా జరిగి, రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని, ఒంటి బరువంతా ఆ ఒక్క పాదం మీదికి దించుతోంది. స్టీరింగ్ పట్టుకున్న వేళ్ళ సందుల్లో మామిడి సొన మరకలు నల్లగా ఉన్నాయి.

“పట్టు.”

“పట్టిన.”

కింద పానా తిరిగింది. పాదం కింద పెడల్ ఇంకాస్త దిగి నేలకు ఆనింది. ఎక్కడో పైపులో గాలి గుడగుడమంది. పానా మళ్ళీ తిరిగింది.

“ఇడువు.”

ఆమె కాలు తీసింది.

చూసేవాళ్ళకు ఇంతకు మించి ఏమీ కనబడని పని ఇది. క్లచ్ పైపులో ఉండేది నూనె. ఆ నూనెలోకి గాలి చొరబడిందంటే, తొక్కిన బలమంతా ఆ గాలిని నలపడానికే సరిపోతుంది, గేరు పడదు. రబ్బర్లు మార్చినప్పుడల్లా గాలి చొరబడుతుంది, దాన్ని బయటికి తరమాలి. పైన ఒకరు పెడల్ తొక్కి పట్టాలి. కింద ఒకరు నిప్పల్ అనే చిన్న మరకు సెలైన్ పైపు తగిలించి, దాని కొస నూనె ఉన్న సీసాలో ముంచి, మర వదులు చేసి, గాలిని బుడగలుగా పోనిచ్చి, మళ్ళీ బిగించాలి. బిగించకముందే పైవాళ్ళు కాలు తీశారో, బయటికి పోయిన గాలి పోయినదానికంటే హుషారుగా లోపలికి వచ్చేస్తుంది. పైవాళ్ళకు కిందివాళ్ళ చేతులు కనబడవు, కిందివాళ్ళకు పైవాళ్ళ కాలు కనబడదు. ఇద్దరి మధ్యా ఉండేది మాట ఒక్కటే.

కింద వెల్లకిలా పడుకున్నది ఆమె భర్త చాంద్ పాషా. కోడేరు నుంచి కొల్లాపూర్‌కు మనుషుల్ని చేరవేసే పాత జీపు అతనిది. నిజానికి అది జీపో కాదో చేసిన కంపెనీవాడే చెప్పాలి, ముందు అంటించిన పేరులో అక్షరాలన్నీ ఎప్పుడో రాలిపోయాయి. కుక్కితే ఊరంతా పడుతుంది కాబట్టి జనం జీపు అన్నారు. అది కొన్నరోజున కొల్లాపూర్‌లో నాగన్న మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, గాలికి పోయే కంపను నెత్తికి తగిలించుకున్నావు పాషా అన్నాడు. అన్నవాడే పక్కన కూర్చోబెట్టుకుని రిపేరు పని నేర్పాడు. అందుకే ఇంట్లో మాటలు ఉర్దూలో మొదలై తెలుగులో తేలినా, తెలుగులో మొదలై ఉర్దూలో మునిగినా, ఈ పనికి మాత్రం నాగన్న నేర్పిన మూడే మాటలు. తొక్కు, పట్టు, ఇడువు.

అప్పటి నుంచీ పెడల్ తొక్కే పని సుల్తానాబీది. మామిడి కాత ఉన్న నెలల్లో ఆమె తోటల్లో కాయలు ఏరి పెట్టెల్లోకి సర్దుతుంది, తక్కిన కాలం ఇంట్లో కూర్చుని బొంతలు కుడుతుంది. బండి నడపడం రాదు, నేర్చుకోవాలని అనిపించనూ లేదు. ఆ సీట్లో ఆమె కూర్చునేది బండి చెడిపోయినప్పుడే. బాగుపడగానే దిగి లోపలికి పోయి చేతులు కడుక్కుని రొట్టెలు చేస్తుంది. బండి పోయేటప్పుడు వెనక్కి తిరిగి చూసే అలవాటు కూడా లేదు.

మొదట్లో ఆమెకూ ఈ పని పట్టుబడలేదు. కూతురు రుబీనా చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కింద పానా టక్కుమంటే బిగించేశాడనుకుని కాలు తీసేసింది. అతనింకా పానా పట్టు సరిచేసుకుంటున్నాడు. గాలి లోపలికి వచ్చేసింది, పని మళ్ళీ మొదటికి వచ్చింది. బయట పెళ్ళివాళ్ళు జీపు కోసం చూసి చూసి, చివరికి పెళ్ళికూతుర్ని ట్రాక్టర్ ఎక్కించుకుని పోయారు. చాంద్ పాషా తిట్టి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది. అతను తిట్టలేదు. నూనె మొహంతో బయటికి వచ్చి, “చప్పుడు ఇని ఇడువకు సుల్తానా. నేను ఇడువు అనేదాంక పాణం పోయినా కాలు తియ్యకు” అన్నాడు. అంతే, ఆ తర్వాత ఆమె కాలు ఎన్నడూ తొందరపడలేదు. ఒకసారి అతని తమ్ముడి కొడుకు వసీంను కూర్చోబెడితే వాడు ఫోన్ చూసుకుంటూ కాలు తీశాడు. పెద్దమ్మ కాలు పెద్దమ్మదేరా అని చాంద్ పాషా నలుగురిలో అన్నప్పుడు సుల్తానాబీ పైకి విసుక్కుంది గానీ, లోపల మురిసిపోయింది. ఆమెను ఎవరైనా మెచ్చుకోవడం అన్నది జరిగితే, అదిగో, ఆ కాలి పుణ్యమే.

ఇవాళ మాత్రం ఆమె మనసు పెడల్ మీద లేదు. తెల్లవారి నమాజు నుంచి వచ్చినప్పుడే చాంద్ పాషా ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. చాయ్ సగం తాగి పక్కన పెట్టాడు. గ్యాస్ అన్నాడు. ఓమ నలిపి నోట్లో వేసుకుని, వేన్నీళ్ళు తాగి, కాసేపు మంచం మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడి నుదుటి మీద చెమట పట్టింది. మే నెల అన్నమాట నిజమే గానీ, ఎండ ఇంకా ఇంటి కప్పు కూడా ఎక్కలేదు. సుల్తానాబీ కొంగుతో తుడిస్తే ఆ చెమట చల్లగా తగిలింది.

దవాఖానకు పోదామంది. పోదామన్నాడు. ఆ మాట విని ఆమె ఇంకా భయపడింది. జ్వరం కాచి మంచం అదిరినా దవాఖాన పేరెత్తని మనిషి, అడగ్గానే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, అయితే రబ్బర్లు ఎక్కించేశాను, గాలి ఒక్కటి తీస్తే చాలు, మన బండిలోనే పోదాం అన్నాడు.

నూట ఎనిమిదికి ఫోన్ చేస్తానంది. అతను ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని తన అంగీ జేబులో వేసుకున్నాడు. “దాంట్ల పండవెడ్తరు” అన్నాడు. పోనీ జయపాల్ ఆటో అన్నా పిలుద్దామంది. పక్క సందు జయపాల్ పొద్దున్నే మామిడికాయలతో కొల్లాపూర్ పోయాడు, వచ్చే వేళవుతోంది. ఆటోలో అయితే వెనక కూర్చోవాలి కదా అన్నాడు. పిచ్చి మాటలా ఉంది గానీ అది పిచ్చి కాదని ఆమెకు తెలుసు.

అతని భయం ఎక్కడుందో ఆమెకు ఒక్కదానికే తెలుసు. ఆ జీపు మోసిన రోగులు ఇంతా అంతా కాదు. పాము కరిచినవాళ్ళు, నొప్పులు మొదలైన ఆడవాళ్ళు, మందు తాగిన రైతులు, చెట్టు మీంచి పడ్డవాళ్ళు, ఎవరు తలుపు కొట్టినా తాళంచెవి తీసుకుని లేచిపోయేవాడు. వాళ్ళలో తన పక్కన ముందు సీట్లో కూర్చుని వచ్చినవాళ్ళు తమ కాళ్ళతో దిగి ఇంటికి పోయారు. వెనక పడుకోబెట్టి తీసుకుపోయినవాళ్ళలో చాలామందిని మొహం మీద గుడ్డ కప్పి మళ్ళీ తనే వెనక్కి తెచ్చాడు. తెచ్చిన రోజున అన్నం తినేవాడు కాదు. బండి వెనక భాగమంతా బకెట్లతో నీళ్ళు కొట్టి కడిగి, ఆరేదాకా దాని పక్కనే కూర్చునేవాడు.

“నేను పండుకొని పోను సుల్తానా” అన్నాడు అతను, ఇంటి గడప మీద చెయ్యి ఆనించి. “కూసొని పోత. నా బండి నేనే నడుపుకుంట పోత. జర వచ్చి తొక్కు.”

మొండివాడు రాజుకన్నా బలవంతుడు అంటారు. అన్నవాడు మొండివాడి పెళ్ళాం సంగతి చెప్పలేదు. సుల్తానాబీ ఏడ్చింది, కోప్పడింది, రుబీనా మీద ఒట్టు పెట్టింది. వనపర్తిలో కాపురమున్న కూతురు ఇక్కడ ఉంటే తండ్రి వినేవాడేమో. అతను మాత్రం చాప తీసుకుని బండి కిందికి పరిచాడు. ఆ చాప చూశాక ఆమెకు ఒకటే తోచింది. ఇతనితో వాదించే కొద్దీ పొద్దు పోతుంది. గాలి ఎంత తొందరగా పోతే అంత తొందరగా దవాఖాన చేరతాం. కళ్ళు తుడుచుకుని వచ్చి సీటెక్కింది.

“తొక్కు.”

తొక్కింది.

“పట్టు.”

“పట్టిన.”

“ఇడువు.”

ఇప్పటికి చాలాసార్లయింది. మధ్యలో అతను ఒకసారి బయటికి వచ్చాడు. పైన ఆయిల్ డబ్బాలో నూనె అడుగంటితే గాలి అక్కడి నుంచి కూడా చొరబడుతుంది, పోసుకుంటూ ఉండాలి. బానెట్ ఎత్తి, సీసా వంచి పోస్తుంటే నూనె బయట ఒలికింది. చాంద్ పాషా చేతిలో నూనె ఒలకడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అద్దం లోంచి అతని మొహం కనబడింది. పెదవుల చుట్టూ బూడిద రాసినట్టు తెల్లగా ఉంది. ఆమె దిగబోయింది. వద్దని చెయ్యి ఊపాడు.

“పెడల్ ఎట్లున్నది?” అని అడిగాడు.

“జర గట్టివడ్డది.”

అది అబద్ధం కాదు. నిజంగానే పాదానికి ఎదురు బలం తగులుతోంది. కాలివేళ్ళతో లాగకుండానే పెడల్ దానంతటది పైకి వస్తోంది. అతని మొహంలోకి కొంచెం వెలుగొచ్చింది. ఇంకో రెండు మాట్లు చాలు అన్నాడు. బానెట్ దించి, ఒక చేత్తో మడ్‌గార్డు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగా కిందికి జరిగాడు. తలుపు లోంచి ఆమెకు అతని పాదాలు మాత్రం కనబడుతున్నాయి. ఎడమ మడమ దగ్గర ఎప్పుడో సైలెన్సర్ కాలి పడిన మచ్చ. ఆ పాదాల్నే చూస్తూ కూర్చుంది. అల్లా, ఇంకో రెండు మాట్లే అనుకుంది.

“తొక్కు.” మాటలో ఊపిరి తక్కువగా ఉంది.

తొక్కింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. పెడల్ ఇప్పుడు కొత్త బండి పెడల్‌లా బిగువుగా ఉంది.

“పట్టు.”

“పట్టిన” అంది.

పానా తిరిగింది. పెడల్ మెల్లగా దిగి నేలకు ఆనింది. గుడగుడ వినబడలేదు. గాలంతా పోయిందన్నమాట. సుల్తానాబీ గుండె తేలికపడింది. కాసేపటికి పానా మళ్ళీ తిరిగింది, టక్కుమంది.

ఇడువు అనే మాట కోసం ఆమె కాచుకుంది.

మాట రాలేదు. పానా పట్టు సరిచేసుకుంటున్నాడేమో అనుకుంది. పైపు ఊడి ఉంటుంది, పెట్టుకుంటున్నాడేమో. ఒక్కోసారి కింద పడుకునే కాస్త సేద తీరుతాడు, అలా సేద తీరుతున్నాడేమో. ఒళ్ళు బాగా లేదు కదా, తీరనీ అనుకుంది. పిలిస్తే విసుక్కుంటాడని కాసేపు ఊరుకుంది. ఆమె పిక్కలో నరం లాగడం మొదలుపెట్టింది. కుడిచేతిని స్టీరింగ్ మీంచి తీసి మోకాలి మీద పెట్టి అదిమిపట్టింది.

“రుబీనా అబ్బా” అని భర్తను పిలిచింది.

అప్పుడే కింద ఫోన్ మోగింది. అతని జేబులో ఉన్న ఆమె ఫోన్. ఆ పాట రుబీనా చేస్తేనే వస్తుంది, రుబీనాయే పెట్టి ఇచ్చింది. మోగి మోగి ఆగింది. నూనె చేతులతో అతను ఫోన్ ముట్టడు, అది ఎప్పుడూ ఉన్నదే. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది. సుల్తానాబీ తలుపు పట్టుకుని కిందికి వంగి చూసింది. కాలు కదలకుండా ఎంత వంగవచ్చో అంతే వంగింది. మచ్చ ఉన్న పాదం పక్కకు వాలి ఉంది. ఇందాక అట్లా లేదు.

దిగితే చూడవచ్చు. దిగాలంటే కాలు తీయాలి. ఆ టక్కుమన్నది బిగించిన చప్పుడో కాదో ఆమెకు తెలియదు. కాదంటే గాలి లోపలికి వస్తుంది, మళ్ళీ మొదటి నుంచి తొక్కాలి, మళ్ళీ అతను కింద పడుకోవాలి, దవాఖాన అంత దూరం జరుగుతుంది. ఇంకో క్షణం ఆగితే ఇడువు అంటాడు. అనగానే దిగి, అతన్ని లేపి, ఈ సీట్లో కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుంటుంది. అంతే, ఇంకో క్షణం. ఆ క్షణాన్ని ఆమె పాదం కింద అదిమిపట్టి కూర్చుంది. ఏం చెయ్యాలో తోచక, ఎవరూ చెప్పక, ఎండ అద్దం లోంచి మొహం మీద పడుతుంటే కళ్ళు చిట్లించుకుని అట్లాగే కూర్చుంది. పిలవడం మాత్రం ఆపలేదు. పిలిచినకొద్దీ గొంతు చిన్నదైపోయింది.

ఎదురింటి రాములమ్మ మేకల్ని తోలుకుని అటు వచ్చింది. జీపు చూసి, పాషన్న కింద పడుకున్నాడా అని నవ్వుతూ అడిగింది. గాలి తీస్తున్నాడంది సుల్తానాబీ. ఆమె మొహం చూసి రాములమ్మ నవ్వు ఆపింది. చేతిలో కట్టె కింద పెట్టి, మోకాళ్ళ మీద వంగి బండి కిందికి తొంగిచూసింది. చాలాసేపు చూసినట్టనిపించింది. లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“సుల్తానక్కా, కాలు తియ్యి” అంది.

“ఇడువు అనలే ఇంకా” అంది సుల్తానాబీ.

రాములమ్మ స్టీరింగ్ కిందికి వంగి, రెండు చేతులతో ఆమె మోకాలు పట్టుకుని, పాదాన్ని పెడల్ మీంచి తనే ఎత్తి పక్కన పెట్టింది. పెడల్ దానంతటది పైకి వచ్చింది. ఎక్కడా గాలి చప్పుడు కాలేదు.

ఆ తర్వాతివన్నీ సుల్తానాబీకి ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. రాములమ్మ కేక. అప్పుడే సందు మొదట్లోకి వచ్చిన జయపాల్ ఆటోను రోడ్డు మధ్యలో వదిలేసి పరుగెత్తి రావడం. చాప పట్టి లాగితే చాంద్ పాషా పడుకున్నవాడు పడుకున్నట్టే బయటికి వచ్చాడు. కుడిచేతి వేళ్ళు పానా పట్టుకున్నట్టుగానే ముడుచుకుని ఉన్నాయి. అంత మనిషిని పడుకోబెట్టడానికి ఆటో సరిపోదు. జయపాల్ అటూ ఇటూ చూసి, ఇంకో దారి లేక, జీపు వెనక తలుపు తీశాడు.

కొల్లాపూర్ దాకా భర్త తలను ఒళ్ళో పెట్టుకుని ఆమె బండి వెనక నేల మీద కూర్చుంది. పండుకొని పోను అన్నవాడిని పడుకోబెట్టుకునే పోతోంది. అతని చెవి దగ్గర వంగి మాఫ్ చెయ్యి, మాఫ్ చెయ్యి అని అంటూనే ఉంది. జయపాల్ గేరు మార్చినప్పుడల్లా ఆమెకు తెలుస్తోంది. వెన్నలా పడుతున్నాయి గేర్లు. పడినప్పుడల్లా ఆమె ఎడమపాదం దానంతటది బండి నేలను అదుముతోంది.

దవాఖానలో డాక్టరమ్మ నాడి చూసి, గుండె మీద గొట్టం పెట్టి చూసి, పడిపోయి ఎంతసేపైంది అని అడిగింది. సుల్తానాబీ ఎంతసేపని చెబుతుంది. పెడల్ పట్టుకున్నంతసేపు. డాక్టరమ్మ కాసేపటికి ఒక తెల్లగుడ్డ తెప్పించింది.

పొద్దు వాలకముందే అదే జీపులో ఇంటికి తీసుకొచ్చారు. తండ్రికి బాగాలేదని కబురు అంది, వనపర్తి నుంచి రుబీనా అప్పటికే వచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎందుకు ఎత్తలేదు అమ్మీ అని అడిగి, తండ్రిని చూసి అక్కడే కూలబడింది. మసీదు నుంచి మనుషులు వచ్చారు, నీళ్ళు కాచారు, ఎవరి పని వాళ్ళు చేసుకుపోయారు. సుల్తానాబీని ఆడవాళ్ళ మధ్య గోడకు ఆనించి కూర్చోబెట్టారు. చీకటి పడేవేళకు ఖబరస్తాన్ నుంచి మగవాళ్ళు తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డారు. జయపాల్ తాళంచెవి ఇవ్వడానికి గుమ్మం దాకా వచ్చాడు. ఏదో ఒకటి అనాలి కదా అని వెతుక్కున్నాడు పాపం. చివరికి తనకు తెలిసిన మాటే దొరికింది.

“క్లచ్ మంచిగ పడ్డది వదినా.”

ఆమె తాళంచెవి అందుకుంది. అందుకుంటూ అతని వెనకాల వాకిట్లోకి చూసింది. వచ్చిపోయేవాళ్ళకు చోటు కావాలని జీపును రోడ్డు అంచున నిలిపారు. పొద్దున అది నిలబడిన చోట మట్టి మీద నూనె మరక, ఎవరూ ముట్టుకోని నీళ్ళ సీసా. సీసాలో సగానికి నూనె, దాంట్లో మునిగిన సెలైన్ పైపు. వాకిలి బల్బు వెలుతురులో ఆ పైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండుగా కనబడుతోంది, ఎక్కడా ఒక్క బుడగ లేదు.